తగ్గిందని చెప్పిన శుక్రవారం

రండి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో పనుంటే ఆపక్కర్లేదు, చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూడా వినొచ్చు. నేను చెప్పబోయేది ఒక మందు చీటీ గురించి. ఆ మందు ఇవ్వచ్చో లేదో ఎక్కడో అద్దాల మేడలో కూర్చుని తేల్చే ఇన్సూరెన్సు కంపెనీ గురించి. మధ్యలో నా నోటి నుంచి వచ్చిన ఒక అబద్ధం గురించి. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది కాబట్టి తేదీలు రాసిపెట్టుకునే అలవాటు నాకు లేదు. అయినా ఆ రోజు ఎవరు ఏ రంగు చున్నీ వేసుకున్నారో, ఆసుపత్రి మెట్ల మీద ఎవరి చెప్పు తెగిందో ఇప్పటికీ గుర్తే.

నేను బహ్రెయిన్ వచ్చి పద్నాలుగేళ్ళు దాటింది. అప్పటినుంచీ బుసైతీన్‌లో ఒకే ఇల్లు. ఆ ఇంటి పెద్దావిడని అందరూ మామా అంటారు, అంటే అమ్మ అని, నేనూ అంతే. ఆవిడ స్నానం, ఆవిడ మందులు, ఆవిడ అలకలు అన్నీ నా చేతుల మీదుగానే నడుస్తాయి. నాకంటే ముందు అక్కడ పనిచేసినావిడ రాజమండ్రి వైపు మనిషి. ఊరెళ్ళిపోయే ముందు రెండు రోజుల్లో నాకు పనంతా నేర్పింది. ఏ గిన్నె ఎక్కడ పెట్టాలి, మామాకి కాఫీ ఎంత పలచగా ఉండాలి, మగవాళ్ళు వేసుకునే పొడుగాటి తెల్ల తోబులు ఎలా ఇస్త్రీ చెయ్యాలి, అన్నీ అయ్యాక తలుపు దగ్గర నిలబడి చివరి పాఠం చెప్పింది.

"ఇదిగో, బాగా విను. ఎవరేం అడిగినా జైన్ అను. జైన్ అంటే బాగుంది అని. ఒంట్లో ఎలా ఉంది? జైన్. ఇంటి దగ్గర అందరూ? జైన్. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా ముందు జైనే. తర్వాత పని మధ్యలో మెల్లిగా చెప్పుకో, వాళ్ళే మాత్ర ఇస్తారు. అడగ్గానే బాగోలేదన్నావనుకో, ఈ మనిషి ఎప్పుడూ ఏడుపేననుకుంటారు."

అలా నాకొచ్చిన మొదటి అరబ్బీ మాట అదే. ఆవిడ నేర్పింది గానీ, నిజానికి ఆ బుద్ధి మనకి కొత్తదా? మా అమ్మ పురిటి నొప్పులు పడుతూ కూడా గుమ్మంలోకొచ్చిన పక్కింటావిడతో "పర్లేదొదినా, రా, కూర్చో" అందట. మేము అలాంటి ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళం.

ఇక చెల్లి సంగతి. నాకు సొంత చెల్లి కాదు. నరసాపురం దగ్గర పల్లె ఆమెది, మాది గోదావరికి అవతలి ఒడ్డు. ఒక శుక్రవారం సెలవు పూట నేను మనామా వెళ్ళే బస్సెక్కితే కిటికీ పక్క సీట్లో కూర్చుని లేసు అల్లుతోంది. చివర చిన్న కొక్కెం ఉండే సూది, ఒళ్ళో తెల్ల దారం ఉండ. బస్సు మలుపు తిరుగుతోంది, జనం మీద పడుతున్నారు, ఆమె కళ్ళు బయట సముద్రం మీద ఉన్నాయి. వేళ్ళు మాత్రం ఆగలేదు. చూడకుండానే ఒక్కొక్క ముడీ పడిపోతోంది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాను తెలుగులోనే. లేసు చూస్తేనే తెలిసిపోలేదూ.

ఆమె ఉలిక్కిపడి, నవ్వి, "సూదిని చూసే కనిపెట్టేశారా?" అంది.

అంతే, ఆ రోజునుంచి నేను అక్కని, ఆమె చెల్లి. సీఫ్‌లో ఒక పెద్ద బట్టల షాపులో పని ఆమెకి. జనం విప్పి పడేసిన చొక్కాలు రోజంతా మడతపెట్టడం, నేల తుడవడం. "ఇవి బట్టలు మడతెట్టే చేతులు కాదక్కా," అనేది. "రెండో కాంట్రాక్టు అవ్వగానే ఎల్లిపోతాను. మా ఊళ్ళో లేసు చేయించే అమ్మగారు నా పీట నాకోసం అట్టేపెట్టింది. కొత్త నమూనా వస్తే ముందు నేను అల్లి చూపిస్తేనే మిగతావాళ్ళు మొదలెట్టేవాళ్ళు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా లేచేది. ఆ పీట మీదికి తిరిగి వెళ్ళడం కోసమే ఆమె ఇక్కడ రోజులు గడుపుతోందని నాకు అర్థమైంది.

మా మామా కాఫీ పళ్ళెం మీద కప్పడానికి గుండ్రటి లేసు గుడ్డ ఒకటి మొదలుపెట్టింది. చుట్టూ పదహారు పువ్వులు రావాలి. మామా రోజూ అడిగేది, ఇంకా ఎన్ని పువ్వులున్నాయని. పదకొండో పువ్వు దగ్గర పని మందగించింది. "షాపులో సేల్ నడుస్తోందక్కా, ఖాళీ లేదు," అంది చెల్లి. నేను నమ్మాను.

తర్వాత ఒక శుక్రవారం ఇద్దరం కలిసి టీ తాగుతుంటే కాగితం కప్పుని రెండు చేతులతో, అరచేతుల మధ్య పెట్టుకుని పట్టుకుంది. చిన్నపిల్లలు పట్టుకున్నట్టు.

"ఏంటే ఆ పట్టుకోవడం? కప్పు పారిపోతుందా?"

"చలేస్తోందక్కా."

ఎండాకాలం అది. నేను చెయ్యి లాగి చూశాను. వేళ్ళ మధ్య కణుపులు ఉడికించిన బఠానీల్లా ఉబ్బి ఉన్నాయి. పొద్దున్న లేవగానే పిడికిలి మూసుకోవడం లేదని, వేడినీళ్ళలో పెట్టాకే పనికి పోతున్నానని అప్పుడు చెప్పింది. ఎన్నాళ్ళనుంచి అంటే లెక్క చెప్పలేదు.

షాపు వాళ్ళు కార్డు ఇచ్చారు, ఇన్సూరెన్సు కార్డు. అది తీసుకుని ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ అరబ్బీ మనిషి, హిందీ రాదు. వంటింట్లో నేర్చుకున్న నా అరబ్బీ అక్కడ పనికొచ్చింది. చెల్లి తెలుగులో చెప్పడం, నేను అటు తిప్పి చెప్పడం. డాక్టరమ్మ మాకు ఖర్జూరాలు పెట్టింది. చెల్లి వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని, గాజు సామాను తుడిచినంత జాగ్రత్తగా చూసింది. మనం కీళ్ళవాతం అంటామే, అందులో ఒక మొండి రకం అన్నమాట. వారానికి ఒకసారి వేసుకునే మాత్రలు రాసింది. మూడు నెలలు వాడి రమ్మంది. వెళ్ళేటప్పుడు నాతో, "నీ అరబ్బీ చాలా బాగుంది. నీలాంటి అక్క ఉండటం ఈమె అదృష్టం," అంది. దాచుకోవడం ఎందుకు, ఆ మాటకి నేను వారం రోజులు పొంగిపోయాను. మామాకి కూడా చెప్పుకున్నాను.

మాత్ర వేసుకున్న మర్నాడు చెల్లికి కడుపులో తిప్పేసేది. అన్నం సయించేది కాదు. వాపు ఒక వారం తగ్గినట్టుండేది, తర్వాత వారం మళ్ళీ అంతే. అయినా మానకుండా వేసుకుంది. మూడు నెలలయ్యాక మళ్ళీ వెళ్ళాం. అదీ నేను చెప్పిన శుక్రవారం. చెల్లి ఆకుపచ్చ చున్నీ వేసుకుంది. మెట్లెక్కుతుంటే నా చెప్పు తెగింది. చెల్లి వంగి ఆ చెప్పుకి నా పిన్నీసు పెట్టబోయి పెట్టలేకపోయింది. నేనే పెట్టుకున్నాను. అది కళ్ళతో చూసి కూడా లోపలికి వెళ్ళి ఏం చెప్పానో చూడండి.

గుమ్మం దగ్గర చెల్లి నా చెయ్యి నొక్కింది. "అక్కా, ఆవిడ అంత మంచిగా చూసింది కదా. తగ్గలేదంటే బాధపడుద్దేమో. తన మందు పనిచెయ్యలేదన్నట్టుంటది. పర్లేదని చెప్పేయ్."

"అవునే, అదీ నిజమే," అన్నాను.

డాక్టరమ్మ నవ్వుతూ అడిగింది, మందు ఎలా పనిచేసిందని. నేను చెల్లి వైపు చూడకుండానే "జైన్, డాక్టర్. వాయిద్ జైన్," అన్నాను. చాలా బాగుందని. ఆవిడ చెల్లి వేలు కణుపు మీద నొక్కి, నుదురు చిట్లించి, మళ్ళీ అడిగింది. నిజంగానే తగ్గిందా అని. రెండోసారి కూడా తగ్గిందనే చెప్పాను. చెల్లి తల ఊపింది. ఆవిడ కంప్యూటర్‌లో ఏదో కొట్టుకుంది. అవే మాత్రలు ఇంకా వాడమంది. బయటికొచ్చాక ఇద్దరం ఏదో మంచిపని చేసినట్టు సమోసాలు తిన్నాం.

నెలన్నర తిరక్కుండానే చెల్లికి షాపు తలుపు గొళ్ళెం తిప్పడం కూడా చేతకాకుండా పోయింది. మళ్ళీ తీసుకెళ్ళాను. ఈసారి డాక్టరమ్మ ఏమీ అడగలేదు. ఎక్స్‌రే తీయించింది, రక్తం తీయించింది, చూసి గబగబా కొత్త ఇంజెక్షను రాసింది. రెండు వారాలకొకటి, పొట్ట మీద పొడుచుకోవాలి. ఆలస్యం చేస్తే కీలు తినేస్తుంది, తర్వాత వేలు ఇక రాదు అంది. అయితే ఆ ఇంజెక్షను ఖరీదైనది. ముందు ఇన్సూరెన్సు కంపెనీ ఒప్పుకోవాలి. దాన్ని అక్కడ అప్రూవల్ అంటారు. ఆ కాగితాలు పంపేది కింద కౌంటర్‌లో కూర్చునే కేరళ భాయ్. పెద్ద మనిషి, తల సగం నెరిసింది, మాతో హిందీలో మాట్లాడేవాడు.

వారం తర్వాత వెళితే ఆయన బల్లనిండా కాగితాల దొంతరలు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇవన్నీ ఏంటి భాయ్?" అన్నాను.

"ఒక్కో కంపెనీకీ ఒక్కో ఫారం, దీదీ. ఒకళ్ళు పాత మందు ఎన్నాళ్ళు వాడారో అడుగుతారు. ఒకళ్ళకి ఎక్స్‌రే కావాలి. ఇంకొకళ్ళకి ఎక్స్‌రే వద్దు, రక్తపరీక్ష కావాలి, అది కూడా నెల లోపలిది. ఒకళ్ళు రెండు రోజుల్లో చెబుతారు, ఒకళ్ళు ఫోనే ఎత్తరు. రోగం ఒకటే, మందు ఒకటే."

"ఏడుగురు అత్తగార్లున్న ఇంట్లో కోడలి బతుకే నీది," అన్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు. చెల్లి కూడా పక్క కుర్చీలో కూర్చుని నవ్వింది. అది గుర్తుపెట్టుకోండి, హిందీ మాటకి చెల్లి నవ్వింది. ఆమెకి హిందీ రాదనే అనుకునేదాన్ని, ఆ రోజు నేను అది పట్టించుకోలేదు.

తర్వాత ఆయన నవ్వు ఆపి చెల్లి కాగితం తీశాడు. "ఇది వాపసొచ్చింది దీదీ. కాదన్నారు."

"ఎందుకు?"

"ఫైల్లో డాక్టర్ రాసిందే వాళ్ళు ఎత్తి చూపిస్తున్నారు. పాత మాత్రలతో రోగికి చాలా బాగా తగ్గిందని ఉంది. అంత బాగా తగ్గితే ఖరీదు మందు దేనికంటున్నారు. అయితే దీనికి దారి ఉంది. ఆ మాట తప్పైతే పైకెళ్ళి డాక్టర్‌కి చెప్పండి. ఆమె సరిచేసి రాసిస్తే ఇవాళే మళ్ళీ పంపుతాను. లేదంటే ఇంకో మూడు నెలలు అవే మాత్రలు వాడి, పనిచెయ్యలేదని రాయించుకు రావాలి."

పైకి పన్నెండు మెట్లు. అంతే దూరం. నేను మెట్ల వైపు చూశాను. పైన ఆ తలుపు వెనక నాకు ఖర్జూరం పెట్టి, నీలాంటి అక్క ఉండటం అదృష్టమన్న మనిషి ఉంది. ఆవిడ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అబద్ధం చెప్పానని ఇప్పుడు ఏ ముఖంతో చెప్పను? వెనక లైన్లో వాళ్ళు తోసుకుంటున్నారు. భాయ్ ఇంకో కాగితం అందుకున్నాడు.

చెల్లి వైపు తిరిగి తెలుగులో అన్నాను. "కంపెనీ వాళ్ళు ఇప్పుడే కుదరదన్నారే. ఇంకో మూడు నెలలు మాత్రలే వాడాలట. తర్వాత చూస్తారట."

చెల్లి నన్ను ఒక్క క్షణం చూసింది. చేతులు రెండూ చున్నీలో దాచుకుంది. "అలాగేలే అక్కా. మూడు నెలలేగా," అంది.

ఆ పన్నెండు మెట్లూ నేను ఎక్కలేదు. నా జీవితంలో చాలా తప్పులు చేశాను, మామా చెయ్యి కాలేలా పాలు మరీ వేడిగా కూడా ఇచ్చాను ఒకసారి. కానీ మర్చిపోలేనిది ఇదే. అబద్ధం ఆడిన రోజు కంటే దాన్ని సరిదిద్దుకోని రోజే నన్ను ఎక్కువ తింటోంది.

ఆ మూడు నెలలూ ఎలా గడిచాయో చెప్పను. షాపులో మడతలు సరిగ్గా రావడం లేదని ఆమెని బాత్రూములు తుడిచే పనికి వేశారు. తుడిచే కర్రని మోచేతుల మధ్య పట్టుకునేదట. ఆ సంగతి ఆమెతో గదిలో ఉండే పిల్ల చెబితే తెలిసింది. నేను అడిగితే మాత్రం, "బానే ఉందక్కా," అనేది. మామా పదకొండు పువ్వుల గుడ్డ గురించి అడిగితే, త్వరలో వస్తుందని నేను చెప్పేదాన్ని.

గడువు పూర్తయి కాగితాలు తీసుకెళ్ళేసరికి ఇంకో చిక్కు. షాపు వాళ్ళు ఆ ఏడాది ఇన్సూరెన్సు మార్చేశారు. చెల్లి చేతిలో కొత్త కార్డు, కొత్త రంగు. భాయ్ దాన్ని చూసి తల పట్టుకున్నాడు.

"వీళ్ళ ఫారం వేరు దీదీ. పాత కంపెనీ దగ్గరున్న రికార్డు వీళ్ళు చూడరు. చౌక మందు మొదట వాడి, అది పనిచెయ్యలేదని తమ కాగితం మీద మళ్ళీ రాసివ్వమంటారు."

"ఆరు నెలల పైన వాడింది కదా?"

"వాడింది. వీళ్ళ లెక్కలో వాడలేదు."

ఈసారి నేను ఆగలేదు. చెల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కదాన్నే పైకి వెళ్ళాను. అవే పన్నెండు మెట్లు. డాక్టరమ్మ ముందు నిలబడి చెప్పేశాను. ఆ రోజు తగ్గలేదని, తగ్గిందని చెప్పింది నేనేనని, మొదటిసారి కాదన్నప్పుడు కూడా సిగ్గుపడి రాలేదని.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎందుకు?" అంది.

"మీరు బాధపడతారని."

"నేను బాధపడితే నాకేమవుతుంది? సాయంత్రానికి మర్చిపోతాను. ఆమె వేళ్ళు మర్చిపోతాయా?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. వెంటనే కూర్చుని కొత్త కంపెనీకి పెద్ద ఉత్తరం రాసింది, పాత మాట తప్పని, ఎక్స్‌రేలు జతచేస్తూ. ఫోన్ కూడా చేసింది. భాయ్ రోజూ ఆ కంపెనీ వాళ్ళ వెంటపడ్డాడు. వాళ్ళు ఎక్స్‌రే కాదు రక్తపరీక్ష అన్నారు, రక్తపరీక్ష పంపితే పాతదైపోయిందన్నారు, మళ్ళీ తీయించాం. అలా ఇంకొన్ని వారాలు పోయి, ఒకరోజు నేను కూర తరుగుతుంటే చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, వచ్చింది. ఒప్పుకున్నారు." ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

ఇంజెక్షన్లు చల్లగా ఉంచాలి. చెల్లి గదిలో ఎనిమిదిమందికి ఒక ఫ్రిజ్. అందుకని బుసైతీన్‌లో మా ఫ్రిజ్‌లో, మామా షుగరు ఇంజెక్షన్ల పక్కనే పెట్టాను. రెండు వారాలకొకసారి శుక్రవారం చెల్లి వచ్చేది. నేనే పొడిచేదాన్ని. మామా పక్కన కూర్చుని, "మెల్లిగా, మెల్లిగా," అంటూ తనకే పొడుస్తున్నట్టు ముఖం పెట్టేది. రెండు నెలలకి వాపు పోయింది. నొప్పి పోయింది. చెల్లి ముఖంలో నిద్ర పట్టిన మనిషి కళ వచ్చింది. కానీ కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు మాత్రం కొక్కేల్లా వంగే ఉండిపోయాయి. కీలు అప్పటికే పాడైపోయిందట. మందు ఇకముందు పాడవకుండా ఆపుతుంది గానీ, పోయినదాన్ని తెచ్చివ్వదట. ముందే ఇచ్చి ఉంటే అని డాక్టరమ్మ మొదలుపెట్టి, నా వైపు చూసి, ఆ మాట పూర్తిచెయ్యలేదు.

లేసు సూదిని పట్టుకునేది సరిగ్గా ఆ రెండు వేళ్ళే.

కాంట్రాక్టు అయిపోయింది, షాపు వాళ్ళు మళ్ళీ రాయలేదు. ఆమె వెళ్ళిపోయే ముందు శుక్రవారం మా వంటింట్లో కూర్చుంది. నేను ఆమెకి జడ వేస్తున్నాను, తనంతట తాను వేసుకోలేదు కదా. వెనక నిలబడ్డాను కాబట్టి ముఖం కనిపించదు. అందుకే ధైర్యం వచ్చింది.

"చెల్లీ, నీకొకటి చెప్పాలి. ఆ మొదటిసారి కాదన్నారు చూడు. ఆ రోజే సరిచేయించే దారి ఉంది. భాయ్ నాకు చెప్పాడు. డాక్టరమ్మ ముందు చులకనైపోతానని నేను పైకి పోలేదు. నీ దగ్గర దాచాను."

ఆమె తల కదల్లేదు. "తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"ఆ భాయ్ చెప్పింది నాకూ తెలిసింది. సీఫ్‌లో అన్నేళ్ళు చేశాను, మాట్టాడ్డం రాకపోతే హిందీ అర్థం కూడా కాదేంటి? అత్తగార్ల మాటకి నవ్వలేదూ?"

నా చేతిలో జడ పాయ జారిపోయింది. "మరి ఎందుకు అడగలేదే? ఎందుకు నన్ను చెవి పట్టుకుని పైకి లాక్కుపోలేదు?"

"నువ్వు ఆ మెట్లకేసి చూసిన చూపు చూశాను. నీ ముఖం చిన్నబోయింది. చెప్పమంది కూడా నేనే కదా, నిన్నెట్టా ఇరికించను? మూడు నెలలేగా, ఏం పోద్దిలే అనుకున్నాను." జారిన పాయని వెనక్కి నా చేతికి అందించి, "బిగించి వెయ్యి అక్కా, విమానంలో ఊడిపోద్ది," అంది.

అదండీ సంగతి. డాక్టరమ్మ మనసు నొచ్చుకుంటుందని మేమిద్దరం, నా మనసు నొచ్చుకుంటుందని చెల్లి. ఒకళ్ళ మర్యాద కోసం ఒకళ్ళం నోరు మూసుకున్నాం. మూడు నెలలు ఆ వేళ్ళు మాత్రం మర్యాద చూడకుండా వంగిపోయాయి.

ఆమె వెళ్ళాక కొన్నాళ్ళకి మా ఇంటి చిన్న మేడం, మామా మనవరాలు, వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చుంది. ఆ అమ్మాయి ఇన్సూరెన్సు ఆఫీసులోనే పనిచేస్తుంది, చెల్లి కార్డు కంపెనీ కాదు, వేరేది. ఆ కాగితాలు చూడగానే గుర్తుపట్టాను. భాయ్ బల్ల మీద ఉన్న అత్తగార్లే.

"ఏంటమ్మా ఇవి?" అన్నాను.

"ఏ మందుకైనా, ఏ కంపెనీకైనా ఒకటే ఫారం ఉంటే బాగుంటుందని మా ఆఫీసులో మాట్లాడుతున్నారు. అందులో ఏయే ప్రశ్నలుండాలో రాసి తెమ్మన్నారు. అవుతుందో లేదో నాకూ తెలియదు," అంది.

తడి చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాను. పద్నాలుగేళ్ళలో ఆ బల్ల ముందు కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. చెల్లి కథంతా చెప్పాను. నా తప్పుతో సహా. చెప్పి, "కార్డు మారితే పాత మందు వాడిన సంగతి మనిషితోపాటే రావాలి, అది ఒకటి రాసుకో తల్లీ," అన్నాను. "ఇంకొకటి. మందు ఎలా ఉంది, తగ్గిందా అని అడగొద్దు. మావాళ్ళని అలా అడిగితే తగ్గిందనే చెబుతారు. చచ్చిపోతూ కూడా జైన్ అంటారు. చొక్కా బొత్తాం పెట్టుకోగలవా అని అడగండి. నీళ్ళ సీసా మూత తిప్పగలవా, తడిగుడ్డ పిండగలవా, జడ వేసుకోగలవా అని అడగండి. చేసి చూపించమనండి. చేతులు అబద్ధం ఆడవు."

ఆ అమ్మాయి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కలం మూత తీసి రాసుకుంది. బొత్తాం, మూత, తడిగుడ్డ. జడ దగ్గర ఆగి, "మగవాళ్ళకో?" అంది. "చెప్పు పిన్నీసు," అన్నాను. ఎందుకన్నానో ఆమెకి తెలియదు.

ఆ ఫారం వచ్చిందా లేదా అంటే నాకు తెలియదు. అడిగినప్పుడల్లా, ఇంకా మాట్లాడుకుంటున్నారనే చెబుతుంది. వస్తే మంచిదే. చెల్లికి మాత్రం అది రాలేదు.

ఆమె ఇప్పుడు ఊళ్ళోనే ఉంది. లేసు చేయించే అమ్మగారు పీట ఇంకొకరికి ఇచ్చేసింది, ఆమెని అనడానికి లేదు. చెల్లి అల్లేవాళ్ళకి దారం ఉండలు చుట్టి పెడుతోందట. అదైతే అరచేతులతో అవుతుంది. మొన్న ఫోన్‌లో అడిగింది. "అక్కా, ఆ పదకొండు పువ్వుల గుడ్డ ఉందా, పారేశావా?"

"నా పెట్టెలో ఉందే."

"ఎవరైనా అల్లిక వచ్చినవాళ్ళు కనబడితే ఇచ్చెయ్యి. మిగతా అయిదూ వాళ్ళు ఏస్తారు."

"అలాగేలే," అన్నాను. ఇవ్వలేదు. అల్లిక తెలిసినవాళ్ళు ఇద్దరు కనిపించారు కూడా. మామా అడగడం మానేసింది, ఆవిడకిప్పుడు సగం సంగతులు గుర్తుండవు. నాకే అన్నీ గుర్తుంటాయి.

ఫోన్ పెట్టేసే ముందు చేతులెలా ఉన్నాయే అని అడిగాను. "పొద్దున్న చలికి సలుపుతున్నాయక్కా. నిన్న బిందె జారిపోయింది," అంది. ఇన్నేళ్ళలో నేను చెయ్యి లాగి చూడకుండా, అడగ్గానే ఆమె బాగోలేదని చెప్పడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. అయినా ఆ మాట విని నా గుండెకి ఎంత నిమ్మళంగా ఉందో చెప్పలేను.

సరే, చీకటి పడకుండా మీరూ ఇంటికి వెళ్ళండి. మీ ఇంట్లో చేతులన్నీ చల్లగా ఉండాలి, అల్లేవి అల్లుకోవాలి, పిసికేవి పిసుక్కోవాలి. మీ ఇంట్లో ఎవరికి ఎక్కడ నొప్పి వచ్చినా, మొహమాటం లేకుండా నోరు విప్పి చెప్పుకునే చనువు ఉండాలి. విన్నవాళ్ళు లేచి ఆ మెట్లు ఎక్కేవాళ్ళై ఉండాలి.